ఫ్రీలాన్స్ పనికి ఏ టూల్ ముందు, ఏది తర్వాత

ఫ్రీలాన్స్ మొదలుపెట్టగానే చాలామంది చేసే పని, నేనూ చేసిన పని, పది సాఫ్ట్‌వేర్‌లలో అకౌంట్లు తెరిచి వాటిని సర్దుకుంటూ కూర్చోవడం. బోర్డులకి రంగులు, ఫోల్డర్లకి పేర్లు, కొత్త యాప్‌కి కొత్త ట్యుటోరియల్. పని చేస్తున్నట్టే ఉంటుంది, కానీ నెలాఖరుకి చూస్తే పంపాల్సిన ఇన్వాయిస్ పంపలేదు, ఏ క్లయింట్‌కి ఎన్ని గంటలు పోయాయో తెలియదు. అందుకే ఇప్పుడు ఎవరైనా కొత్తగా దిగుతూ ఏ టూల్స్ వాడాలి అని అడిగితే పేర్లు తర్వాత చెప్తాను, ముందు డబ్బు ఎక్కడ కారిపోతోందో చూసుకోమంటాను. ఒక్కరే నడిపే వ్యాపారంలో చిల్లులు సాధారణంగా మూడు చోట్ల పడతాయి: లెక్క రాయని గంటలు, ఆలస్యంగా వెళ్లిన ఇన్వాయిస్, ఒకే ఒక్క చోట ఉన్న ఫైల్. ఈ మూడూ పూడ్చాకే మిగతావి.

గంటల లెక్క

టాగుల్ ట్రాక్ గానీ క్లాకిఫై గానీ తీసుకోండి, ఒక్క మనిషికి రెండింట్లోనూ ఉచిత ప్లానే సరిపోతుంది. సెటప్ పది నిమిషాల పని. ఒప్పుకున్న ప్రతి పనినీ ఒక ప్రాజెక్ట్‌గా పెట్టి, నాలుగే నాలుగు ట్యాగులు పెట్టుకోండి: అసలు పని, మీటింగ్, మెయిళ్లు, సవరణలు. అంతకు మించి పెడితే వారం తిరక్కుండానే విసుగొచ్చి మానేస్తారు. కూర్చున్నప్పుడు టైమర్ నొక్కాలి, లేచినప్పుడు ఆపాలి, అంతే. ఆపడం మర్చిపోయే అలవాటుంటే డెస్క్‌టాప్ యాప్ పెట్టుకుని, కీబోర్డ్ కదలని సమయాన్ని గుర్తుపట్టే సెట్టింగ్ ఆన్ చేసుకోండి, మీరు తిరిగొచ్చాక ఆ ఖాళీ సమయాన్ని ఉంచాలా తీసేయాలా అని అదే అడుగుతుంది. టైమర్ నొక్కడమే కుదరదు అనేవాళ్లకి యాక్టివిటీవాచ్ అని ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రోగ్రామ్ ఉంది, ఏ విండోలో ఎంతసేపున్నారో తనంతట తనే రాసుకుంటుంది, ఆ డేటా మీ కంప్యూటర్ దాటి బయటికి పోదు.

గంటకింత అని కాదు, మొత్తానికి ఒక రేటు మాట్లాడుకుంటాను, నాకెందుకు ఇది అంటారు కొందరు. అసలు వాళ్లకే ఎక్కువ అవసరం. ఒక పనికి 20 గంటలు పడుతుందని లెక్కేసి రేటు చెప్పాను ఒకసారి. అయిపోయాక టైమర్ చూస్తే 33 గంటలు. అందులో అసలు పనికి పట్టింది 19 గంటలే, అంటే నా అంచనా తప్పు కాలేదు, మిగతా 14 గంటలూ కాల్స్‌కీ మెయిళ్లకీ సవరణలకీ పోయాయి. ట్యాగులు పెట్టబట్టే ఆ సంగతి తెలిసింది, లేకపోతే నేనే నిదానంగా పని చేస్తున్నానేమో అనుకుని ఇంకో రెండేళ్లు అలాగే గడిపేసేదాన్ని. ఆ తర్వాతి ఒప్పందం నుంచి సవరణలు రెండు విడతలు మాత్రమే, ఆపైన గంటకి ఇంత అని రాయడం మొదలుపెట్టాను, ఇంతవరకు ఏ క్లయింటూ కాదనలేదు.

నెలకోసారి ఒక భాగహారం చేయండి. ఒక్కో క్లయింట్ దగ్గర వచ్చిన డబ్బుని, ఆ క్లయింట్‌కి పోయిన మొత్తం గంటలతో, మెయిళ్లతో సహా, భాగించండి. పెద్ద మొత్తం ఇచ్చే క్లయింట్ కన్నా చిన్న పనులిచ్చే క్లయింట్ దగ్గరే గంటకి ఎక్కువ గిట్టుబాటు అవుతుండటం చాలాసార్లు కనిపిస్తుంది. ఎవరి రేటు పెంచాలి, ఎవరి పని వదులుకోవాలి అన్నది అప్పుడు మీకే తెలుస్తుంది.

ఇన్వాయిస్

ఫ్రెష్‌బుక్స్ అనే ఇన్వాయిస్ సాఫ్ట్‌వేర్ ఎలా పుట్టిందో తెలుసా? 2003లో మైక్ మెక్‌డెర్మెంట్ అనే ఆయన చిన్న డిజైన్ సంస్థ నడుపుతూ, వర్డ్‌లో ఇన్వాయిస్ తయారు చేస్తూ, పొరపాటున పాత ఇన్వాయిస్ మీదే కొత్తది సేవ్ చేసేశారు. పాతది పోయింది. ఆ చిరాకులోంచే ఆయన సొంతంగా ఒక ప్రోగ్రామ్ కట్టుకున్నారు. ఇరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ వర్డ్‌లో పాత ఇన్వాయిస్ తెరిచి, పేరూ తేదీ మార్చి పంపేవాళ్లు ఎంతోమంది ఉన్నారు, తేదీ మార్చి నంబర్ మార్చడం మర్చిపోయేవాళ్లు ఇంకా ఎక్కువ. ఒకే నంబర్‌తో రెండు ఇన్వాయిస్‌లు వెళ్తే పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్లు రెండోదాన్ని నకలు అనుకుని పక్కన పడేస్తారు, మీరేమో నెల రోజులు డబ్బు కోసం ఎదురుచూస్తుంటారు.

జోహో ఇన్వాయిస్ ఉచితం, ఒక్కరి వ్యాపారానికి కావాల్సినవన్నీ అందులో ఉన్నాయి. వేవ్ కూడా చాలామంది చెప్తారు గానీ, అమెరికా, కెనడా బయట ఉన్నవాళ్లకి అది కుదరదు. సొంత సర్వర్ పెట్టుకోగల ఓపిక ఉంటే ఇన్వాయిస్ నింజా బాగుంటుంది. ఏది తీసుకున్నా మొదటి రోజే మూడు పనులు చేయండి. నంబర్లు వాటంతట అవే వరుసగా పడేలా పెట్టండి. గడువు తేదీ ప్రతి ఇన్వాయిస్‌లోనూ తేదీ రూపంలోనే పడేలా చూడండి, ఎందుకంటే నెట్ 30 అని రాస్తే ఇన్వాయిస్ తేదీ నుంచి 30 రోజులని అకౌంట్స్ వాళ్లకి అర్థమవుతుంది గానీ చిన్న వ్యాపారం నడిపే మనిషికి అర్థం కాకపోవచ్చు. మూడోది ఆటోమేటిక్ రిమైండర్లు: గడువుకి మూడు రోజుల ముందు ఒకటి, గడువు రోజున ఒకటి, వారం దాటాక ఇంకోటి.

ఈ రిమైండర్ల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఒక సాఫ్ట్‌వేర్ నా మనసుకి ఇంత ఊరటనిస్తుందని నేను అనుకోలేదు. డబ్బు అడగాలంటే మొహమాటం. మంచి క్లయింట్, మళ్లీ పని ఇస్తాడేమో, ఇప్పుడే అడిగితే ఏమనుకుంటాడో అని వారం వాయిదా వేస్తాం, తర్వాత ఇంత ఆలస్యంగా అడిగితే బాగుండదని ఇంకో వారం. రిమైండర్ సాఫ్ట్‌వేర్ పంపితే అది మీరు అడిగినట్టు ఉండదు, వాళ్లకీ అలా అనిపించదు, మామూలు వ్యవహారంలా అయిపోతుంది. మాటలు మాత్రం మీరే రాసుకోండి, అందులో ముందే ఉండే వాక్యాలు గట్టిగా ఉంటాయి. ఇన్వాయిస్ నంబర్, మొత్తం, గడువు తేదీ, చెల్లించే లింక్, ఇప్పటికే పంపి ఉంటే ఈ మెయిల్ పట్టించుకోకండి అని ఒక ముక్క, చాలు.

ఇన్వాయిస్ ఎప్పుడు పంపాలి? పని అప్పజెప్పిన రోజే. క్లయింట్ సంతోషంగా ఉండేది ఆ రోజే. కొత్త క్లయింట్ అయితే మొదలుపెట్టకముందే అడ్వాన్స్‌కి ఒక ఇన్వాయిస్ పంపండి, అది చెల్లించే తీరు చూస్తే మిగతాది ఎలా ఉండబోతోందో చాలావరకు తెలిసిపోతుంది.

డబ్బు అందుకోవడం

వేరే దేశంలోని క్లయింట్ అయితే ఫీజు కన్నా మారకపు రేటు ముఖ్యం. 2011లో ట్రాన్స్‌ఫర్‌వైజ్ పేరుతో మొదలైన వైజ్ అనే డబ్బు బదిలీ సేవ మార్కెట్ మధ్య రేటుకే, అంటే కొనే రేటుకీ అమ్మే రేటుకీ నడిమి రేటుకే మార్చి, ఫీజుని విడిగా చూపిస్తుంది. పేపాల్ మార్చేటప్పుడు రేటులోనే తన వాటా కలుపుకుంటుంది, పైకి ఫీజులా కనిపించదు, చేతికొచ్చిన మొత్తాన్ని ఆ రోజు మార్కెట్ రేటుతో పోల్చి చూస్తేనే తెలుస్తుంది. అయినా పేపాల్ అయితేనే ఇస్తాం అనే క్లయింట్లు ఉంటారు కాబట్టి అకౌంట్ ఉంచుకోవడం మంచిదే, కాకపోతే డబ్బు చెల్లించినవాళ్లు 180 రోజుల దాకా వివాదం లేవనెత్తవచ్చు, అందుకని పని అప్పజెప్పిన రుజువులు, క్లయింట్ బాగుందన్న మెయిల్ దాచుకోండి. కార్డుతో చెల్లించేవాళ్లకి స్ట్రైప్ లింక్ ఇన్వాయిస్‌లోనే కలపవచ్చు. ఈ సేవలన్నీ అన్ని దేశాల్లోనూ ఒకేలా దొరకవు, మీ దగ్గర ఏది నడుస్తుందో ఆ సైట్‌లోనే చూసి, పెద్ద మొత్తం రాకముందే చిన్న మొత్తంతో ఒకసారి పరీక్షించండి.

ఒక జాగ్రత్త. ఎవరో మీ మెయిల్‌లోకి చొరబడి, బ్యాంక్ అకౌంట్ మారింది, ఈ కొత్తదానికి పంపండి అని మీ పేరుతో క్లయింట్‌కి రాసే మోసం ప్రపంచమంతా జరుగుతోంది. నా బ్యాంక్ వివరాలు మారితే ఫోన్ చేసి చెప్తాను, మెయిల్‌లో మారినట్టు వస్తే నమ్మవద్దు అని మొదటి ఇన్వాయిస్ కిందే రాసి పెట్టండి.

ఫైళ్లు

అప్పజెప్పాల్సిన రోజుకి ముందురాత్రి నా ల్యాప్‌టాప్ తెరుచుకోలేదు. డిస్క్ పోయింది. క్లౌడ్ ఫోల్డర్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను, తీరా చూస్తే మూడు రోజుల క్రితమే సింక్ ఆగిపోయింది, చిన్న హెచ్చరిక గుర్తు మూలన వెలుగుతూనే ఉంది, నేను చూడలేదు. మూడు రోజుల పని మళ్లీ చేశాను, క్లయింట్‌ని వారం గడువు అడిగాను. ఆయన ఇచ్చాడు గానీ ఆ వారం పడిన టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

సింక్ వేరు, బ్యాకప్ వేరు. డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవ్ చేసేది సింక్, అంటే ఇక్కడ చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది, ఇక్కడ పాడైన ఫైల్ అక్కడా పాడవుతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది, ఆ తర్వాత పోయినట్టే. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం దీనికి ఇప్పటికీ మంచి దారి: ప్రతి ఫైల్‌కీ 3 కాపీలు, 2 రకాల సాధనాల మీద, అందులో 1 వేరే చోట. చేయడం తేలికే. కంప్యూటర్‌లో ఉన్నది ఒకటి. బయటి హార్డ్ డిస్క్ మీద రెండోది, మ్యాక్‌లో టైమ్ మెషీన్, విండోస్‌లో ఫైల్ హిస్టరీ ఆన్ చేస్తే డిస్క్ తగిలించినప్పుడల్లా అదే రాసుకుంటుంది. మూడోది బ్యాక్‌బ్లేజ్ లాంటి ఆన్‌లైన్ బ్యాకప్, లేదా ఉచితంగా కావాలంటే డుప్లికాటి అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్, ఫైళ్లని ముందే ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేకుండా చేసి, మీరు చెప్పిన క్లౌడ్‌లో పెడుతుంది. ఆ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్‌లోనే రాసి పెట్టుకోకండి.

మూడు నెలలకోసారి ఏదో ఒక పాత ఫైల్‌ని బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి, తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

ఫైళ్ల పేర్లకి తేదీ ముందు పెట్టండి, 2025-03-14 ఇలా, సంవత్సరం, నెల, రోజు వరుసలో. అలా పెడితే పేరు ప్రకారం సర్దినా తేదీ ప్రకారం సర్దినట్టే ఉంటుంది. చివరిది, అసలు చివరిది, ఇదే చివరిది అని పేర్లు పెట్టుకుంటూ పోతే ఏదో ఒక రోజు తప్పు ఫైల్ క్లయింట్‌కి వెళ్తుంది. కోడ్ రాసేవాళ్లు ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే గిట్ వాడతారు కాబట్టి వాళ్లకి ఈ బాధ లేదు, డాక్యుమెంట్లు రాసేవాళ్లు గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ తెరిచి, క్లయింట్‌కి పంపిన ప్రతిసారీ ఆ వెర్షన్‌కి ఒక పేరు పెడితే సరిపోతుంది.

పాస్‌వర్డ్‌లు

మీ అకౌంట్లే కాదు, క్లయింట్ల వెబ్‌సైట్లు, సోషల్ మీడియా తాళాలు కూడా మీ దగ్గరుంటాయి, మీ దగ్గర పోతే వాళ్ల కొంప మునుగుతుంది. అందుకే అన్నీ ఒక పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచండి. బిట్‌వార్డెన్ ఓపెన్ సోర్స్, ఉచిత ప్లాన్‌లో పాస్‌వర్డ్‌ల సంఖ్యకి పరిమితి లేదు. క్లౌడ్ అంటే నమ్మకం లేకపోతే కీపాస్‌ఎక్స్‌సీ, అంతా మీ కంప్యూటర్‌లోని ఒకే ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైల్‌లో ఉంటుంది. ముందు మెయిల్ అకౌంట్‌కి రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది) పెట్టండి, ఆ మెయిల్ ఎవరి చేతికైనా చిక్కితే మిగతా అన్నింటి పాస్‌వర్డ్‌లూ దాంట్లోంచే మార్చేయగలరు. అప్పుడిచ్చే రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి దాచండి.

క్లయింట్ తన పాస్‌వర్డ్ మెయిల్‌లో పంపబోతే ఆపండి. మీ పేరుతో వేరే యూజర్ అకౌంట్ సృష్టించమనండి, వర్డ్‌ప్రెస్‌తో సహా చాలా వాటిలో ఇది రెండు నిమిషాల పని. కుదరనప్పుడు బిట్‌వార్డెన్ సెండ్ ద్వారా, కొన్ని రోజులకి తనంతట తనే చెరిగిపోయే లింక్‌గా పంపమనండి. పని ముగిశాక నన్ను తీసేయండి అని మీరే రాయండి. తర్వాత ఎప్పుడైనా ఆ సైట్‌కి ఏమైనా అయితే అనుమానం మీ మీదికి రాదు.

ఒప్పందం, పనుల జాబితా, క్యాలెండర్

ఒప్పందం మీద ఆన్‌లైన్‌లో సంతకాలకి డాక్యుసైన్ గానీ డ్రాప్‌బాక్స్ సైన్ గానీ. రెండూ ఎవరు, ఎప్పుడు, ఏ ఐపీ అడ్రస్ నుంచి సంతకం చేశారో రికార్డు ఉంచుతాయి. నెలకి ఒకటో రెండో ఒప్పందాలకి డబ్బు కట్టడం అనవసరం అనిపిస్తే, చిన్న పనులకి ఒక మెయిల్‌లో పని, గడువు, మొత్తం, సవరణల సంఖ్య రాసి, సరే అని జవాబివ్వమని అడగండి. ఏమీ లేకపోవడం కన్నా ఇది ఎంతో నయం.

పనుల జాబితాకి ట్రెల్లో చాలు. నాలుగు వరుసలు: చేయాల్సినవి, చేస్తున్నవి, క్లయింట్ దగ్గర ఆగినవి, అయిపోయినవి. ఈ మూడో వరుసే నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది, ఎందుకంటే ఆలస్యమైన పనుల్లో చాలావరకు నా దగ్గర ఆగినవి కావు, వాళ్లు ఫొటోలు పంపక, జవాబివ్వక ఆగినవి, ప్రతి సోమవారం ఆ వరుస చూసి ఒక్కొక్కరికీ రెండు ముక్కలు రాస్తే సగం బండ్లు కదులుతాయి. నోట్సూ జాబితాలూ అన్నీ ఒకేచోట పెట్టుకునే నోషన్ మంచిదే, కానీ దాన్ని తీర్చిదిద్దుకోవడమే ఒక పని అయిపోతుంది, ముందు ట్రెల్లోతో ఆరు నెలలు గడపండి.

మీటింగ్‌లకి క్యాలెండ్లీ గానీ క్యాల్ డాట్ కామ్ గానీ, మీరిచ్చిన లింక్‌లో మీ ఖాళీ సమయాలు చూసి క్లయింటే ఒకటి ఎంచుకుంటాడు. లింక్ ఇచ్చేముందు సెట్టింగ్‌లలో మీటింగ్‌కీ మీటింగ్‌కీ మధ్య 15 నిమిషాల విరామం, కనీసం ఒక రోజు ముందస్తు నోటీసు, రోజుకి ఇన్ని మాత్రమే అనే పరిమితి పెట్టకపోతే మీ రోజంతా ముక్కలైపోతుంది. టైమ్ జోన్ల విషయంలో ఎప్పుడూ క్యాలెండర్ ఇన్వైట్ పంపండి, మెయిల్‌లో టైమ్ రాసి వదిలేయకండి. అమెరికాలో గడియారాలు మార్చి నెల రెండో ఆదివారం ఒక గంట ముందుకి జరుగుతాయి, యూరప్‌లో మార్చి నెల చివరి ఆదివారం, ఆ మధ్య రెండు మూడు వారాలు వాళ్లిద్దరి మధ్య తేడా మామూలు కన్నా ఒక గంట తగ్గుతుంది. అక్టోబర్ చివర మళ్లీ ఒక వారం ఇదే గొడవ. రెండు ఖండాల క్లయింట్లు ఉన్నవాళ్లు ఎక్కువగా మీటింగ్‌లు తప్పేది ఆ రోజుల్లోనే.

జూమ్ ఉచిత ప్లాన్‌లో మీటింగ్ 40 నిమిషాలకి ఆగిపోతుంది, నిజానికి చాలా మీటింగ్‌లు అంతలో అయిపోవాలి. ఇంకా మంచిది, చేసిన పని చూపించడానికి మీటింగ్ పెట్టకుండా లూమ్‌తో గానీ, ఉచితమైన ఓబీఎస్ స్టూడియోతో గానీ ఐదు నిమిషాలు స్క్రీన్ రికార్డ్ చేసి పంపండి, క్లయింట్ తన తీరికలో చూస్తాడు, అర్థం కానిచోట మళ్లీ వెనక్కి వెళ్లి చూస్తాడు.

ఏఐ టూల్స్‌తో మీటింగ్ నోట్స్, మెయిల్ డ్రాఫ్టులు త్వరగా అవుతాయి, కానీ క్లయింట్ ఇచ్చిన డాక్యుమెంట్‌ని ఏ టూల్‌లో పెట్టేముందైనా మీ ఒప్పందంలో గోప్యత గురించి ఏం రాసి ఉందో చదవండి, లేదా నేరుగా అడిగేయండి.

ఆదాయం, ఖర్చుల పుస్తకానికి మొదట ఒక స్ప్రెడ్‌షీట్ సరిపోతుంది: తేదీ, ఎవరు, దేనికి, మొత్తం, రసీదు ఫైల్ పేరు. అది బరువెక్కినప్పుడు గ్నూక్యాష్ అనే ఉచిత అకౌంటింగ్ ప్రోగ్రామ్‌కి మారండి. వ్యాపారానికి వేరే బ్యాంక్ అకౌంట్ లేకపోతే ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా ఆ లెక్క తేలదు.

వెళ్లిపోయే దారి

ఏ టూల్‌లోనైనా అకౌంట్ తెరిచేముందు మీ డేటాని బయటికి దించుకునే ఎక్స్‌పోర్ట్ బటన్ ఎక్కడుందో వెతకండి. వండర్‌లిస్ట్ అనే పనుల జాబితా యాప్‌ని లక్షల మంది ఇష్టపడి వాడారు, 2015లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది, 2020 మేలో మూసేసింది. స్కైప్ అయితే ఒకప్పుడు దూరపు క్లయింట్లతో మాట్లాడటానికి మరో పేరు, 2025 మేలో అదీ ఆగిపోయింది. ముందే చెప్పి మూశారు కాబట్టి నష్టం తక్కువ, అందరూ అలా చెప్పి మూస్తారని లేదు.

అందుకే నెల చివరి రోజు అరగంట దీనికి పెట్టుకున్నాను. టైమర్ నుంచి ఆ నెల గంటలు సీఎస్‌వీగా (ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా తెరుచుకునే ఫైల్‌గా), ఇన్వాయిస్‌లన్నీ పీడీఎఫ్‌గా దించి ఆ నెల ఫోల్డర్‌లో వేస్తాను, వాటిలో ఒకటి రెండు తెరిచి చూస్తాను, ఏ సబ్‌స్క్రిప్షన్ రెన్యువల్ వచ్చే నెలలో ఉందో స్ప్రెడ్‌షీట్‌లో చూసి వాడనిది ఆపేస్తాను. తర్వాత ఇన్వాయిస్ నంబర్లు వరుసగా ఉన్నాయో లేదో, ఒక్కోదానికీ డబ్బు పడిందో లేదో బ్యాంక్ స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని చూస్తాను. ఈ అలవాటు పెట్టుకున్న మొదటిసారే మధ్యలో ఒక నంబర్ కనిపించలేదు. వెతికితే నాలుగు నెలల క్రితం రాసిన ఇన్వాయిస్ డ్రాఫ్ట్‌లోనే ఉండిపోయింది. ఆలస్యానికి క్షమించమని ఒక వాక్యం రాసి అప్పుడే పంపాను, వారం లోపే డబ్బు వచ్చింది.